యాంటీబాడీ అతుక్కుంటే సరిపోదు

సంపాదకుల వారికి నమస్కారం.

'మనిషిలో ఉన్న ఫలానా ప్రొటీనే ఈగలోనూ దొరికింది' లాంటి వార్తలు చదువుతుంటాం. డీఎన్‌ఏను పట్టుకుని జన్యువులను నడిపించే ప్రొటీన్ల విషయంలో ఇలాంటి మాటకు చాలాసార్లు ఆధారం ఒక యాంటీబాడీయే (ఒక ప్రొటీన్‌ను గుర్తుపట్టి దానికి అతుక్కునే అణువు). దాన్ని ఆ జీవిలో పరీక్షించారో లేదో పరిశోధన పత్రంలో కూడా ఒక్కోసారి కనిపించదు. ప్రజల డబ్బుతో జరిగే పరిశోధనల్లో ఇది ఇలాగే కొనసాగకూడదు.

యాంటీబాడీతో ప్రొటీన్లను వెతికే పద్ధతిని నేను తప్పుపట్టడం లేదు. డీఎన్‌ఏ చుట్టుకునే ప్రొటీన్లలో ఒకటైన హిస్టోన్ హెచ్4లో 102 అమైనో ఆమ్లాలుంటే, బఠాణీ మొక్కకూ ఆవుదూడకూ తేడా రెండింట్లోనే. ఒకదాని కోసం తయారైన యాంటీబాడీ రెండోదాన్నీ పట్టుకోవడంలో వింత లేదు. 1989లో, పిండం ఎదుగుదలలో జన్యువులను నడిపించే ఎన్‌గ్రెయిల్డ్ ప్రొటీన్లను కీటకాల నుంచి వెన్నెముక ఉన్న జంతువుల దాకా పోల్చి చూసింది యాంటీబాడీతోనే.

కానీ యాంటీబాడీ ప్రొటీన్ మొత్తాన్ని చూడదు. దాని మీద ఒక చిన్న భాగాన్నే గుర్తుపడుతుంది. ఆ భాగం వేరే ప్రొటీన్‌లో ఉంటే అక్కడా అతుక్కుంటుంది. కొత్త జీవిలో ఆ భాగం మారిపోయి ఉంటే, ప్రొటీన్ ఉన్నా బ్లాట్ (ప్రొటీన్లను పరిమాణాన్ని బట్టి వేరుచేసి, యాంటీబాడీ పట్టినవాటిని బ్యాండ్లుగా, అంటే గీతలుగా, చూపే పరీక్ష) ఖాళీగానే కనిపిస్తుంది.

నేను చేసేది ఈ పనే. ఎలుక కణాల్లో వాడే యాంటీబాడీని కోడి పిండం కణాల మీద ప్రయత్నించాం. అనుకున్న చోటే నల్లటి బ్యాండ్ వచ్చింది, ఎంతో సంతోషపడ్డాం. తర్వాత ఆ జన్యువును తీసేసిన ఎలుక కణాలను కూడా నడిపి చూస్తే, అదే చోట అదే బ్యాండ్, అంతే ముదురుగా! అంటే యాంటీబాడీ పట్టుకున్నది వేరే ప్రొటీన్‌ను. మూడు నెలల పని పక్కన పెట్టేశాం. ఆ కంట్రోల్ (సరిపోల్చి చూసే పరీక్ష) చేయకపోయి ఉంటే ఆ బ్యాండ్‌ను మేమూ అచ్చు వేయించేవాళ్లమే.

ఇది మా ఒక్కరి అనుభవం కాదు. హిస్టోన్లలో రసాయన మార్పులను గుర్తించే 200కు పైగా యాంటీబాడీలను పరీక్షించి 2011లో ఫలితాలు ప్రచురించారు. నాలుగో వంతుకు పైగా సరైన లక్ష్యాన్ని మాత్రమే పట్టుకోవడంలో విఫలమయ్యాయి.

నిధులిచ్చే సంస్థలు యాంటీబాడీ క్యాటలాగ్, లాట్ (తయారీ విడత) నంబర్లనూ, కత్తిరించని బ్లాట్ ఫొటోనూ తప్పనిసరి చేయాలి. జన్యువు తీసేసిన కణాలతో కంట్రోల్ కూడా ఉండాలి. కొత్త జీవిలో అది వీలుకాకపోతే, యాంటీబాడీ పట్టిన ప్రొటీన్ ఏదో మాస్ స్పెక్ట్రోమెట్రీతో (ముక్కల బరువును బట్టి ప్రొటీన్‌ను గుర్తించే పద్ధతి) తేల్చాలి. ఈ పరీక్షల ఖర్చును గ్రాంటులోనే చేర్చాలి, లేకపోతే చిన్న ల్యాబులు చేయలేవు.

మీ సైన్స్ పేజీ విలేకరులకు కూడా ఒక విన్నపం. ఇలాంటి వార్త రాసేముందు, 'ఈ యాంటీబాడీని ఈ జీవిలోనే పరీక్షించారా?' అని పరిశోధకులను అడగండి.

- ఒక జీవశాస్త్ర పరిశోధకురాలు