గుంట ఇంకా పూడ్చలే

కొత్తవాడ, వరంగల్

చిన్నా,

ఫోన్‌ల చెప్తే సగం మాటకే "సరే అమ్మా, సరే అమ్మా" అంటవు. అందుకే కాయితం మీద రాస్తున్న. ఎదురింటి పిల్ల దీన్ని ఫోటో తీసి నీకు పంపిస్తనన్నది. తీరుబడిగ చదువు.

ఇల్లు బిల్డర్‌కు ఇయ్యొద్దు, న్యూయార్క్‌ల చూసిన ఇంటి తీరు మన ఇల్లు కూడా మ్యూజియం చేద్దాం, వాడకట్టు చరిత్ర అంతా అండ్ల పెడదాం అన్నవు. పెద్దబాపు కొడుకుకు కూడా ఫోన్ చేసినవట. వాడు వచ్చి నవ్విండు. "చిన్నమ్మా, టికెట్ ఎంత పెడ్తవు?" అన్నడు. నవ్వితే నవ్వనియ్యి. నాకు నవ్వు రాలే గని, నీ అంత సంబురం కూడా రాలే.

న్యూయార్క్‌ల నువ్వు చూపించిన ఆ ఆర్చర్డ్ స్ట్రీట్ ఇల్లు, టెనెమెంట్ మ్యూజియం, నాకు ఇంకా కండ్లల్లనే ఉన్నది. నువ్వు మ్యూజియం అంటే మన ఖిల్లాల ఖుష్‌మహల్ లెక్క విగ్రహాలు, శాసనాల రాళ్లు ఉంటయనుకున్న. పోయి చూస్తే చీకటి మెట్లు, ఇరుకు అర్రలు. 97 నంబరు ఇల్లు, 1863ల కట్టింది. 1935 దాంక 7,000కు కొంచెం తక్కువ మంది అండ్ల కిరాయికి ఉన్నరట. ఇంటికి మరమ్మతులు చెయ్యాలని సర్కారు రూల్ పెడితే, ఆ ఖర్చు నాకెందుకని ఓనరు కిరాయిదార్లను ఖాళీ చేయించిండు. కింద దుకాణాలు మాత్రం ఉంచి పైఅంతస్తులు మూసేసిండు. ఎక్కడైనా ఓనర్లు ఓనర్లే. యాభై ఏండ్ల తర్వాత, 1988ల, రూత్ ఏబ్రమ్, అనిటా జేకబ్సన్ అని ఇద్దరు ఆడోళ్లు మ్యూజియం పెట్టుదామని జాగ కోసం తిరుగుతుంటె ఈ ఇల్లు కండ్లబడ్డది. గోడలకు కాయితాలు ఒకదాని మీద ఒకటి, ఇరవై పొరల దాంక. వాళ్లు వాటిని గీకి సున్నం ఎయ్యలే. మనమైతే దసరాకే ఏసేద్దుము.

లెవీన్ వాళ్ల అర్ర యాదికున్నదా? 1890లల్ల పోలండ్ నుంచి వచ్చిన కుట్టుపనోళ్లు. ముందర అర్రల మిషన్, వంటింట్ల పొయ్యి మీద ఇస్త్రీ పెట్టెలు. పని అండ్లనే, పిల్లలు అండ్లనే, తిండి అండ్లనే. నేను అక్కడ్నే ఆగిపోతే "అమ్మా, కాళ్లు నొస్తున్నయా?" అన్నవు. నొస్తున్నయి అన్న. నిన్ను మగ్గం పక్కన చీర తొట్టెల్ల పండబెట్టి నేను కండెలు చుట్టేదాన్ని. నూలు నూగు లేచి నీ కనురెప్పల మీద వాలేది. తడిగుడ్డతోని తుడిచినా మల్ల వాలేది. నీ దగ్గు బడికి పోయే దాంక పోలే. న్యూయార్క్‌ల, అంతమంది నడుమ, అది నీకేం చెప్పాలె?

ఇంకొక అర్రల నతాలీ గుంపెర్ట్జ్ అనే ఆమె కథ చెప్పిన్రు. 1874ల మొగడు పొద్దున పనికని పోయి మల్ల ఇంటికి రాలే. చెప్పులకు తోలు కోసే పని ఆయనది. ఆమె బట్టలు కుట్టి పిల్లలను సాకింది. మన దిక్కైతే ఇసొంటి ముచ్చట మీద ఇంత మట్టి కప్పుతరు. అక్కడ ఆమె పేరు చెప్పి మరీ ఆమె అర్ర చూపిస్తున్నరు.

ఇగ నువ్వు పంపిన లిస్టు. మగ్గానికి పాలిష్, పైనుంచి లైట్లు, మీ తాత ఫోటోకు గంధపు దండ. 1851ల లండన్ పెద్ద ప్రదర్శనకు వరంగల్ తివాచీ పోయిందని గోడ మీద రాయించాలె అన్నవు. రాయించు, నిజమే. 2018ల వరంగల్ దర్రీలకు, అంటే జంపఖానాలకు, జీఐ గుర్తింపు, ఈ సరుకు ఈ ఊరిదే అని సర్కారు ఇచ్చే ముద్ర, వచ్చిన ముచ్చట కూడా రాయించు. ఆ రెండు సంవత్సరాల నడుమ మన ఇంట్ల ఏం జరిగిందో నీ లిస్టుల ఒక్క ముక్క లేదు బిడ్డా.

సందుగల సాహుకారు బాకీల పుస్తకం ఉన్నది, ఎర్రగుడ్డ అట్టది. మొదటి పేజీలల్ల మీ తాతవి వేలిముద్రలు. పదకొండో పేజీ కాడికి వచ్చేసరికి వంకర టింకర సంతకం మొదలైతది. ఆయన రాసుడు నేర్చుకున్నదే ఆ పుస్తకంల సంతకం పెట్టేందుకు. ఎనుక పేజీలు మీ బాపువి. మీ అక్క పెండ్లి అండ్లనే ఉన్నది. నీ ఇంజినీరింగ్ మొదటి ఏడు ఫీజు కూడా అండ్లనే ఉన్నది, తీరినట్టు మూడేండ్ల తర్వాత గీత కొట్టి ఉన్నది. మీ బాపు చెప్పొద్దన్నడు, చెప్పలే. ఇప్పుడు ఆయన లేడు గద. మ్యూజియం పెడితే ఆ పుస్తకం అద్దం కింద పెట్టాలె. పదకొండో పేజీ తెరిచి పెట్టు.

ఆజంజాహీ మిల్లు ముచ్చట కూడా రాయించు. 1934ల నిజాం కొడుకు పేరు మీద పెట్టిన మిల్లు. మీ చిన్నతాత అండ్ల చేరిండు, మీ తాత చేరలే. కూత ఇని ఉరుకుడు నాతోని కాదన్నడట. తమ్మునికి నెలనెలా జీతం వస్తుంటె మీ నాయినమ్మ మీ తాతను ఎన్నేండ్లు దెప్పిందో లెక్క లేదు. మిల్లు మూతబడ్డంకనే ఆ దెప్పుడు ఆగింది.

ఇంకొకటి. మన ఒక్క ఇల్లు చూపిస్తే వాడకట్టు చరిత్ర కాదు. పొడుగు పడుగు సాపాలంటే ఇల్లు చాలకపోయేది. తెల్లారకముందే నడిబజార్ల పరిచి, ఈ కొసకు మనోళ్లు, ఆ కొసకు పక్కింటోళ్లు నిలబడేది. పాలాయన సైకిలు దిగి పక్క నుంచి నడిపించుకపోయేది. రంగు అద్దేటాయన చేతులు మోచేతుల దాంక నీలంగనే ఉండేది, పెండ్లి బువ్వకాడ కూడ. వాళ్ల పేర్లన్నీ నాకు తెలుసు. కూసోని అడిగితే చెప్త. అచ్చేటప్పుడు లైట్లు తేకు, రెండు నోటుబుక్కులు తే.

పెంకలు కారుతున్నయి, ముందుగాల అది చూడాలె. రోజూ తలుపు తీసి ఊడ్చేది ఎవరు, నువ్వు న్యూజెర్సీ నుంచి ఊడుస్తవా? ముందర అర్ర ఒక్కటి చాలు. ఎనుక దిక్కు కిరాయికి ఇద్దాం, పెంకల ఖర్చన్న ఎల్తది. బిల్డర్‌ను సంక్రాంతి దాంక ఆగుమన్న. ఆయన మల్ల మల్ల ఫోన్ చేస్తున్నడు, నేను ఎత్తుత లేను.

మగ్గం కింద కాళ్లు పెట్టే గుంట ఇంకా పూడ్చలే. పైన చెక్క పరిచి బియ్యం డ్రమ్ము పెట్టిన. రాట్నం మాత్రం లేదు. ఎదురింటామెది విరిగిపోయిందంటె ఇచ్చేసిన. వాళ్లు ఇంకా నేస్తున్నరు గద, కండెలు లేకుంటె మగ్గం ఆగిపోతది. నీ లిస్టుల అది కూడా ఉన్నది. కొట్టేసుకో.

మీ అమ్మ