మా ఇన్‌ఛార్జి సూపర్‌వైజర్ మేడం గారికి చేతులెత్తి నమస్కారం

చుట్టుపక్కల అంగన్‌వాడీ టీచర్లందరం కలిసే సెక్టార్ మీటింగ్ నుంచి ఇప్పుడే ఇంటికొచ్చాను. ఒళ్ళు హూనమైపోయింది, అయినా ఇది రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

పోయిన నెల ఒక పై అధికారి మీటింగ్‌లో నన్ను అందరి ముందూ నిలబెట్టారు. మా అంగన్‌వాడీలో ఒక బాబు ఎత్తు, పిల్లల కొలతలు నింపే పోషణ్ ట్రాకర్ యాప్‌లో ముందు నెల కంటే తగ్గినట్టు పడింది. "పిల్లలు పెరుగుతారా, తరుగుతారా? ఇంట్లో కూర్చుని నింపేస్తున్నావా?" అన్నారు. నోరు విప్పనివ్వలేదు. అప్పట్నుంచి ఏ బిడ్డని తూచినా చేతులు వణికేవి. మానేస్తానని ఇంట్లో చెప్పేశాను. మా ఆయనా, అత్తమ్మా సర్దిచెప్పారు, వాళ్ళు ఎప్పుడూ అంతే.

మా సెక్టార్ సూపర్‌వైజర్ పోస్టు ఖాళీ. పక్క సెక్టార్ మేడం గారు ఇన్‌ఛార్జిగా వచ్చారు. నా ముఖం కూడా ఎరగరు. రిజిస్టర్లు అడగలేదు. చాప మీద కూర్చుని, "ఎలా కొలిచారో చెప్పండి టీచర్ గారూ" అన్నారు. అంతవరకూ ఆ మాట ఎవరూ అడగలేదు. బాబుకి రెండేళ్ళు నిండాయి, నిండకముందు పడుకోబెట్టి కొలిచాను, నిండాక నిలబెట్టి కొలిచాను అని చెప్పాను. వెంటనే వాళ్ళమ్మకి కబురు పెట్టించారు. పడుకోబెట్టి, తల మేడం గారే పట్టుకున్నారు, నేను మోకాళ్ళు నొక్కి పాదాల పలక జరిపాను. తర్వాత నిలబెట్టి చూశాం. పడుకోబెడితే సుమారు 0.7 సెంటీమీటర్లు ఎక్కువ వస్తుంది, అదే వచ్చింది. పైగా ఆ నెలంతా బాబుకి విరేచనాలు, ఇంకేం పెరుగుతాడు? "మీ కొలత సరైనదే టీచర్ గారూ" అన్నారు, తల్లి ఎదుటే. నాకు ఏడుపు ఆగలేదు.

ఇవాళ మిగతా టీచర్లందరికీ ఆ కొలత నన్నే చూపించమన్నారు. ఆవిడ వెనక కూర్చుని రాసుకున్నారు.

ఒక్క మాట అనకుండా ఉండలేను. పోస్టులు నింపకుండా రెండు సెక్టార్లు ఒక్కరి నెత్తిన పెడితే, ఇలా చాప మీద కూర్చునే తీరిక ఎంతమందికి ఉంటుంది? 2023 డిసెంబర్ 12 నుంచి 42 రోజులు సమ్మెలో కూర్చున్నాం. జీతాల మాట వచ్చింది గానీ మమ్మల్ని మనుషుల్లా పలకరించే మాట ఏ జీవోలోనూ రాలేదు.

అయ్యో, మా ఆయాని మర్చిపోయాను! బాబు కదలకుండా గిలక ఆడించింది తనే. మా ఊరి నర్సు ఏఎన్ఎం గారు విరేచనాల తేదీలు తన రిజిస్టర్‌లో చూసి చెప్పారు. పక్క ఊరి టీచరక్క ఆ రోజు మీటింగ్ నుంచి నా చెయ్యి పట్టుకుని బస్సు ఎక్కించింది. అక్కా, నీకు కూడా నమస్కారం.