స్నేహితురాలు కనిపించకపోతే

చిట్టితల్లీ,

ఫోన్లో చెబితే సగం విని "సరే నాన్నా" అంటావని కాగితం మీద పెడుతున్నాను. హాస్టల్లో ఉన్నదానివి కాబట్టి ఇది తెలిసుండాలి.

ఇరవై నాలుగు గంటలు ఆగితేగానీ పోలీసులు కేసు తీసుకోరనే మాట నమ్మకు. అలాంటి రూలు ఏ చట్టంలోనూ లేదు. వస్తానన్న వేళకి రాలేదు, ఫోన్ అందట్లేదు, వెళ్ళే నాలుగు చోట్లా లేదు. ఈ మూడూ కలిస్తే ఫిర్యాదు ఇవ్వచ్చు. "పొద్దుటిదాకా చూద్దాం, అమ్మాయి పేరు బయటికొస్తే బాగుండదు" అనే పెద్దలు తప్పకుండా ఉంటారు. వాళ్ళ మాట వింటే పోయేది పొద్దున్నే దొరకాల్సిన ఆధారాలు.

ముందు గదిలో చూడు. ఛార్జరు, ఐడీ కార్డు, రోజూ వేసుకునే మందులు, బట్టల బ్యాగు: ఏవి ఉన్నాయి, ఏవి లేవు? ఛార్జరు ప్లగ్గుకే వేలాడుతుంటే తిరిగి వద్దామనే వెళ్ళిందని అనుకోవచ్చు. సర్టిఫికెట్ల ఫైలు కూడా లేదంటే ముందే అనుకుని వెళ్ళినట్టు. చూడు, ఫోటోలు తియ్యి, అంతే. పక్క దులపకు, చెత్తబుట్ట పారబోయనీయకు. ల్యాప్‌టాప్‌లో వాట్సాప్ తెరిచి ఉంటే లాగౌట్ చెయ్యకు, ఏదీ డిలీట్ చెయ్యకు. పాస్‌వర్డులు ఊహించి కొట్టకు, అకౌంటు లాకైపోతుంది.

ఫోన్ సంగతి. రింగవుతోందా, స్విచాఫా, కవరేజీలో లేదా? ఏ టైముకి ఏది వచ్చిందో రాసి పెట్టు. ముప్పై మంది ముప్పైసార్లు చేస్తే ఉన్న కాస్త బ్యాటరీ కూడా అయిపోతుంది. ఒక్కరే చెయ్యండి. మామూలు ఎస్సెమ్మెస్ ఒకటి డెలివరీ రిపోర్టు పెట్టి పంపు. స్విచాఫ్‌లో ఉన్న ఫోన్ మళ్ళీ ఆన్ అయితే ఆ రిపోర్టుతో తెలిసే అవకాశం ఉంది. ఆ టైము వెంటనే పోలీసులకి చెప్పాలి. సిమ్ బ్లాక్ చేయిద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకు. పోలీసులు టవర్ లొకేషన్ వెతకాల్సింది ఆ నంబరుతోనే.

స్టేషన్‌కి ఒంటరిగా వెళ్ళకు. వాళ్ళ అమ్మానాన్నలకి ఫోన్ చెయ్యి గానీ, ఊరినుంచి వాళ్ళు బస్సెక్కి వచ్చేదాకా ఆగకు. ఏ స్టేషన్ దగ్గరైతే అక్కడికే వెళ్ళు. 2019లో శంషాబాద్ దగ్గర వెటర్నరీ డాక్టర్ కనిపించకుండా పోయిన రాత్రి, మా పరిధి కాదంటూ ఆమె ఇంటివాళ్ళని తిప్పారు. తర్వాత ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం, బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 173వ సెక్షన్, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఎఫ్‌ఐఆర్ రాయాలంటోంది. దాన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. కాపీ ఉచితం, అడిగి తీసుకో. తను పద్దెనిమిది నిండని పిల్ల అయితే కిడ్నాప్ అనుకునే కేసు కట్టాలని 2013లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

ఫిర్యాదులో ఎత్తు, ఆ రోజు వేసుకున్న బట్టలు, చెప్పుల రంగు, పుట్టుమచ్చలు, ఆఖరిసారి ఎవరు ఎక్కడ చూశారో రాయాలి. ఫిల్టర్లు లేని ఈ మధ్య ఫోటో ఇవ్వాలి. హాస్టల్ గేటు, ఎదురు కిరాణా కొట్టు కెమెరాల ఫుటేజీ అట్టేపెట్టమని ఆ పూటే చెప్పండి. కొన్నిచోట్ల వారానికే పాతది చెరిగిపోతుంది.

అసలు సంగతి ఇది. అమ్మానాన్నలకి తెలియనిది స్నేహితులకి తెలుస్తుంది. ఎవరితో మాట్లాడుతోంది, ఎవడు విసిగిస్తున్నాడు, లోన్ యాప్‌లో అప్పుందా, ఇన్‌స్టాలో రెండో అకౌంటుందా. "ఎవరికీ చెప్పనని ఒట్టేశాను" అని దాచకు. వాళ్ళ నాన్న ముందు చెప్పలేకపోతే మహిళా పోలీసుని పక్కకి పిలిచి చెప్పు. "నన్ను క్షమించండి" లాంటి మెసేజ్ పెట్టి మాయమైతే గది వెతుకుతూ కూర్చోకు, ముందు 112కి కొట్టు.

పోస్టరు వేస్తే కింద స్టేషన్ నంబరు వెయ్యండి, ఇంటివాళ్ళది వద్దు. "మీ అమ్మాయి మా దగ్గరుంది, ఫోన్‌పే చెయ్యి" అనే దొంగకాల్స్ అలాగే మొదలవుతాయి. దొరికాక ఆ పోస్టు తీసెయ్యండి, లేకపోతే ఏళ్ళతరబడి ఫార్వర్డ్ అవుతూనే ఉంటుంది.

ఇంట్లో కొడతారనో, బలవంతపు పెళ్ళి చేస్తారనో మేజర్ అయిన పిల్ల తనంతట తనే వెళ్ళిపోవచ్చు. నీకు ఫోన్ చేసి క్షేమమంటే, ఆ సంగతి పోలీసులకే నేరుగా చెప్పమను. తను వాంగ్మూలమిస్తే మేజర్ని ఇంటికే పొమ్మని బలవంతపెట్టలేరు. ఎక్కడుందో వాళ్ళింటివాళ్ళకి నువ్వు చెప్పకు. వాళ్ళమ్మ ఏడ్చినా సరే.

మీ గదిలో నలుగురి ఇంటి నంబర్లూ నీ ఫోన్లోనే కాక ఒక కాగితం మీద కూడా ఉన్నాయా? లేకపోతే ఈ ఆదివారం రాసి బీరువా తలుపు లోపల అతికించండి. ఒక కాపీ నాకూ పంపు.

మీ నాన్న