అడవికి చీపురెందుకు?

సంపాదకుల వారికి,

మా వనస్థలిపురం వైపు అడవి పార్కుల్లో వాకింగ్‌కు వచ్చేవాళ్లు పెరిగారు, మంచిదే. కానీ వాళ్ల కోసమని అడవిని కూడా ఇంటి వాకిలిలా ఊడ్చేస్తున్నారు. మా కాలనీ దగ్గరి పార్కులో ఎండాకాలం రాగానే రాలిన ఆకులు పోగేసి తగలబెడతారు, ఎండిన మొద్దులు లారీకెత్తిస్తారు. ఎందుకని అడిగితే "పాములొస్తాయి మేడమ్, వాకర్స్ కంప్లైంట్ చేస్తున్నారు" అన్నాడు సూపర్‌వైజర్. పాపం, ఆయన చెప్పిన పని చేస్తున్నాడంతే.

బోటనీ చెప్పి రిటైరైనదాన్ని, తంగేడు సంగతి చెప్పనివ్వండి. మనం బతుకమ్మలో పేర్చే ఆ పువ్వులో తేనె ఉండదు, పుప్పొడే. అదీ పరాగకోశాల (పుప్పొడి తిత్తుల) కొసన ఉన్న సన్నని రంధ్రాల్లోంచి రాలాలి. నల్లటి పెద్ద తుమ్మెద వచ్చి పువ్వును కాళ్లతో గట్టిగా పట్టుకుని, రెక్కలు ఆడించకుండానే ఒళ్లంతా జుమ్మని వణికిస్తుంది. అప్పుడు రాలుతుంది పుప్పొడి. పెట్టెల్లో పెంచే తేనెటీగకు ఆ విద్య రాదు. ఆ తుమ్మెద గూడు తొలుచుకునేది ఎండిన కర్రలోనే. మనం లారీకెత్తిస్తున్నది దాని ఇల్లు.

రాలిన ఆకు కింద నేల చల్లగా, చెమ్మగా ఉంటుంది. ఎన్నో గొంగళిపురుగులు ప్యూపాలుగా (రెక్కలు రాకముందు కదలకుండా ఉండే దశకు) మారేది అక్కడే. ఆ కప్పు తీసేస్తే మే నెల ఎండ నేరుగా నేలలోకి దిగుతుంది. పైగా వానలకు ఇప్పుడు ఓ లెక్కా పత్రం లేదు. తొలి జల్లును నమ్ముకుని బయటికొచ్చిన పురుగుకు, ఆపై వారాల తరబడి చినుకు పడకపోతే తినడానికి లేతాకు ఉండదు. ఆరుద్ర పురుగులు కనిపించట్లేదని మా వీధిలో అందరూ అంటుంటారు. (అది కీటకం కాదు, ఎనిమిది కాళ్లుంటాయి. క్లాసులో పిల్లలతో లెక్కపెట్టించేదాన్ని.) దాని తిండి చెదలు, చెదల తిండి ఎండు కర్ర, ఎండుటాకు. అవే లేకుండా చేసి ఆరుద్ర పురుగు ఏదని అడిగితే ఎలా?

కంచె వేసి కాపాడామనుకుంటే చాలదు. జర్మనీలో రక్షిత ప్రాంతాల్లోనే 27 ఏళ్లలో ఎగిరే కీటకాల మొత్తం బరువు ముప్పాతిక వంతు పడిపోయిందని 2017లో వచ్చిన అధ్యయనం చెప్పింది.

ఎండల్ని, వానల్ని ఏ పార్కు అధికారీ దారికి తేలేడు. చీపురు మాత్రం ఆయన చేతిలోనే ఉంది. నడకదారికి రెండు పక్కలా కొంత మేర ఊడ్చుకోండి, పాముల టెన్షన్ తీరుతుంది. లోపలి ఆకును, మొద్దును ముట్టుకోవద్దు. కొత్తగా నాటేటప్పుడు కోనోకార్పస్ అనే విదేశీ చెట్టు జోలికి పోకుండా తంగేడు, రేల, మోదుగు పెట్టండి. తంగేడు, రేల ఆకులకు చిల్లులు పడ్డాయని మందు కొట్టొద్దు, తెల్లవీ లేతపసుపువీ సీతాకోకచిలుకల పిల్లలు తినేది ఆ ఆకులే. ఇక గేటు మూశాక కూడా తెల్లవార్లూ వెలిగే ఎల్‌ఈడీ లైట్లు ఆర్పేస్తే దీపపు పురుగులతో పాటు కరెంటు బిల్లూ కాస్త మిగులుతుంది.

— ఒక రిటైర్డ్ బోటనీ లెక్చరర్, వనస్థలిపురం, హైదరాబాద్