చెయ్యి కొలవడానికి టేపు కూడా లేదా?

సంపాదకుడు గారికి,

రొమ్ము క్యాన్సర్ అవగాహన ర్యాలీ అని మీ జిల్లా పేజీలో గులాబీ బెలూన్ల ఫొటో వేసి పక్షం రోజులు దాటింది. అప్పుడే రాద్దామనుకున్నాను గానీ సిరిమాను పండగ జాకెట్లు నెత్తి మీదుండి కుదరలేదు. నేను లేడీస్ టైలర్ని. మూడేళ్ల కింద నాకూ రొమ్ము క్యాన్సర్ ఆపరేషనే అయింది, చంకలో బిళ్లలు (లింఫు గ్రంథులు) కూడా తీశారు. అందుకే ఆ ఫొటో చూసి చప్పట్లు కొట్టలేకపోయాను.

ఆ వార్తలో పెద్దలందరి ఉపన్యాసాలూ ఉన్నాయి, చెయ్యి ఊసే లేదు. బిళ్లలు తీసినా, అక్కడ కరెంటు (రేడియేషన్) పెట్టినా చేతిలోని లింఫు నీరు పోయే దారి దెబ్బతిని, ఆ పక్క చెయ్యి వాస్తుంది. అందరికీ రాదు. వచ్చేవాళ్లకి నెలల్లో రావచ్చు, ఏళ్ల తర్వాతా రావచ్చు. మొదట్లో పట్టుకుంటే బిగుతు తొడుగుతో, వ్యాయామంతో అదుపులో ఉంటుంది. ముదిరితే చర్మం గట్టిపడిపోతుంది, సూది గుచ్చుకున్నా చీము, జ్వరం. నా వృత్తే సూదితో!

నా వాపుని డాక్టరు పట్టుకోలేదు, నా ఆది జాకెట్టు పట్టుకుంది. ఎడం చెయ్యి కుట్టు రెట్ట దగ్గర ఒరుసుకుంటోంది. కుడి వైపు ఎప్పటిలాగే వదులు. ఆస్పత్రికెళ్తే ఒకాయన దూరం నుంచే చూసి "ఒళ్లొచ్చిందమ్మా" అన్నాడు. ఇంకొకాయన ఫైలేరియా అయి ఉంటుందని రాత్రిపూట రక్తం ఇవ్వమన్నాడు. బోదకాలు చూసీ చూసీ మన జిల్లాలో ఏది వాచినా ముందు అదే అంటారు లెండి. మూడో ఆయన నీరు పోయే మాత్రలు రాశాడు. ఈ వాపుకి అవి పనిచేయవని తర్వాత విశాఖలో చెప్పారు. ముగ్గురిలో ఒక్కరూ టేపు తీయలేదు.

విశాఖలో ఫిజియోథెరపీ అమ్మాయి పది నిమిషాల్లో కొలిచేసింది. మణికట్టు ఎముక దగ్గర పెన్నుతో చుక్క పెట్టి, అక్కణ్నుంచి పది సెంటీమీటర్లకొక చుక్క చొప్పున పైదాకా పెట్టి, రెండు చేతులకీ చుట్టుకొలతలు తీసింది. టేపు చర్మానికి ఆనాలి గానీ నొక్కకూడదు. ఎక్కడైనా రెండు చేతులకీ 2 సెంటీమీటర్ల తేడా ఉంటే సాధారణంగా వాపు కింద లెక్కట. నాకు రెట్ట దగ్గర మూడు వచ్చింది. నీళ్లలో చెయ్యి ముంచి, పొర్లిన నీటిని కొలిచే పద్ధతీ ఉందట. అయితే ఆపరేషన్‌కి ముందు కొలతలేవని అడిగింది. ఎవరు తీశారు గనక? పనిచేసే చెయ్యి మామూలుగానే కాస్త లావుంటుంది, ఏ టైలర్నడిగినా చెబుతుంది. పాత కొలత లేకుండా ఎంత పెరిగిందో ఎలా తెలుస్తుంది? ఆది లేకుండా జాకెట్టు కుట్టమన్నట్టుంది.

ఇంటి పన్ను పెంచాలంటే మాత్రం మున్సిపాలిటీవాళ్లు వంటగది గోడ దాకా టేపు లాగుతారు. మా సందులో కాలవ కొలతలు నాలుగు సార్లు తీశారు, కాలవ ఇంతవరకూ లేదు. కొలవడం రానివాళ్లేం కాదు మన అధికారులు.

మళ్లీ కొలిపించుకోవాలంటే పొద్దున్న బస్సెక్కి విశాఖ వెళ్లాలి, ఆ రోజు కుట్టుకూలి పోయినట్టే. శ్రీకాకుళం నుంచి వచ్చేవాళ్లకైతే వంద కిలోమీటర్ల పైమాటే. రెండు జిల్లాల్లోనూ మెడికల్ కాలేజీలున్నాయి. ఆపరేషన్‌కి పంపేముందు ఒకసారి, తర్వాత మూడు నాలుగు నెలలకోసారి అక్కడే కొలిచి ఫైల్లో రాస్తే ఏం పోతుంది? స్కానింగ్ కాదు, మిషన్ కాదు, టేపు.

నిధులు లేవంటే రెండు టేపులు నేనే ఇచ్చుకుంటాను. గుడ్డవి కాదు, అవి వాడగా వాడగా సాగిపోతాయి. సాగనివే ఇస్తాను.

ఇట్లు,
ఒక లేడీస్ టైలర్,
కంటోన్మెంట్, విజయనగరం