ఫ్రాన్స్ అధ్యక్షుడికి బహిరంగ లేఖ: హైతీ సొమ్ము హైతీకి ఇచ్చేయండి

గౌరవనీయులైన ఫ్రాన్స్ అధ్యక్షులు ఎమ్మాన్యుయేల్ మాక్రాన్ గారికి,

యానాంలో పుట్టిన ఫ్రెంచి పౌరుడిని. మీ దేశపు ఎన్నికల్లో ఓటు వేసేవాణ్ణి. నమస్కరించి రాస్తున్నాను. కరీబియన్ సముద్రంలో ఒకప్పటి ఫ్రెంచి వలస అయిన హైతీ విషయమై ఇంతకుముందు ఫ్రెంచిలో రాసి పంపిన విన్నపాలకు అందినట్టు రసీదు వచ్చిందే తప్ప జవాబు రాలేదు. అందుకని ఈసారి మా ఇంటి భాషలో, మా ఊరివాళ్లూ గోదావరి జిల్లాలవాళ్లూ కూడా చదివేటట్టు రాస్తున్నాను.

2025 ఏప్రిల్ 17న మీరు రెండు దేశాల చరిత్రకారులతో ఒక సంఘం వేస్తున్నామని ప్రకటించారు. స్వాతంత్ర్యాన్ని గుర్తించాలంటే హైతీ డబ్బు కట్టాలని ఫ్రాన్స్ రాజు పదో చార్లెస్ ఇచ్చిన ఆజ్ఞకు ఆ రోజుతో 200 ఏళ్లు నిండాయి. అప్పుడే పుట్టిన దేశం స్వేచ్ఛకు వెల కట్టడం అన్యాయమని మీరు ఒప్పుకున్నందుకు నిజంగా సంతోషించాను. కానీ ప్రకటన మొత్తం చదివినా, తీసుకున్నది తిరిగి ఇస్తామన్న మాట ఒక్కటీ దొరకలేదు.

అయ్యా, ఆ సంఘం కొత్తగా తేల్చవలసింది ఏముంది? రాజు సంతకం చేసిన ఆజ్ఞ ఉంది. ఎంత అడిగారో ఉంది, ఎంత ముట్టిందో ఉంది, ఏ తోట యజమానికి ఎంత పంచారో కూడా లెక్కలున్నాయి. ఆ ఆజ్ఞలో హైతీ అన్న పేరైనా లేదు. 1804 జనవరి 1న గోనాయివ్ పట్నంలో హైతీ నాయకుడు దెసాలీన్ స్వాతంత్ర్యం ప్రకటించి 21 ఏళ్లు గడిచాక కూడా, పాత వలస పేరుతో ‘సాన్ దొమాంగ్ ద్వీపంలోని ఫ్రెంచి భాగం’ అనే రాశారు. ఆ కాగితం పట్టుకుని రాజు దూత బారన్ ద మాకో హైతీ రాజధాని పోర్టో ప్రాన్స్ రేవుకు వచ్చినప్పుడు అతని వెనక 14 యుద్ధనౌకలు, 500 దాకా ఫిరంగులు ఉన్నాయి. ఆ ఫిరంగుల ఎదుట హైతీ అధ్యక్షుడు బోయే ప్రభుత్వం ఒప్పుకుంది. దాన్ని ఒప్పందం అనడానికి నాకు నోరు రావడం లేదు.

15 కోట్ల ఫ్రాంకులు, ఐదేళ్లలో ఐదు వాయిదాలు. దానికి తోడు ఫ్రెంచి ఓడల సరుకుకు సుంకంలో సగం మాఫీ. 1803లో నెపోలియన్ లూసియానా మొత్తాన్ని అమెరికాకు అమ్మింది 8 కోట్ల ఫ్రాంకులకు. అంత పెద్ద భూభాగానికి వచ్చిన ధరకు దాదాపు రెట్టింపు సొమ్మును, యుద్ధంలో తోటలన్నీ కాలిపోయిన చిన్న దేశం నుంచి అడిగారు. 1838లో దాన్ని 9 కోట్లకు తగ్గించడాన్ని ఔదార్యంగా చెబుతుంటారు. అప్పటికే దేశం నడుం విరిగింది.

మొదటి వాయిదా 3 కోట్లు. అది హైతీ ప్రభుత్వానికి ఏడాదిలో వచ్చే రాబడికి ఎన్నో రెట్లు. చెల్లించడానికి పారిస్‌లోనే అప్పు తెచ్చుకోవలసి వచ్చింది. 3 కోట్లకు పత్రం రాయించుకుని చేతికిచ్చింది 2 కోట్ల 40 లక్షలు. మిగతా 60 లక్షలు బ్యాంకరు ముందే మినహాయించుకున్నాడు. మా వైపు షావుకార్లు ఆరు నెలల వడ్డీ ముందే పట్టుకుని నోటు రాయించుకునేవాళ్లని పెద్దలు చెప్పేవారు. ఇక్కడ ఆ పని ఒక దేశంతో చేశారు. బాకీ ఫ్రాన్స్‌కే, ఆ బాకీ తీర్చడానికి తెచ్చిన అప్పూ ఫ్రాన్స్‌కే. హైతీవాళ్లు జంట అప్పు అనేది అందుకే.

ఇక ఆ డబ్బు దేనికి? పోయిన ఆస్తికి పరిహారమన్నారు. ఆ ఆస్తి లెక్కలో భూములు, మిల్లులతో పాటు మనుషులు కూడా ఉన్నారు. 1791 నుంచి తిరగబడి, 1803 నవంబరులో వెర్తియేర్‌లో నెపోలియన్ సైన్యాన్ని ఓడించి సంకెళ్లు తెంచుకున్నవాళ్లు, తమ ఒంటికి తామే, తమ పిల్లల ఒంటికి తామే ధర కట్టి పాత యజమానికి ఇచ్చుకున్నారు. ఈ ఒక్క మాట దగ్గర నాకు చెయ్యి ఆగిపోతుంది. బానిసత్వం మానవజాతిపై నేరమని 2001లో మన పార్లమెంటే చట్టం చేసింది. ఆ నేరం మీద వసూలు చేసిన సొమ్ము మన దేశం దగ్గర న్యాయంగా ఎలా ఉంటుంది?

కొత్త దేశానికి అప్పటికే కష్టాలు చాలినన్ని ఉన్నాయి. 1806లో దెసాలీన్‌ను చంపేశారు. ఉత్తరాన క్రిస్తోఫ్, దక్షిణాన పెతియోన్ ఏలుబడిగా దేశం రెండు ముక్కలై, 1820లో గానీ ఒకటి కాలేదు. ఫ్రెంచివాళ్లు మళ్లీ వస్తారన్న భయంతో రాబడి కోటలకూ సైన్యానికీ పోయింది. అమెరికా 1862 దాకా గుర్తించనే లేదు. ఇంతలో ఈ బాకీ వచ్చి పడింది. 1826 గ్రామీణ చట్టంతో రైతుల్ని మళ్లీ తోటలకు కట్టేశారు. కాఫీ గింజ మీద పన్ను వేశారు. గుర్రం లేని కొండ రైతు తల మీద మోసుకొచ్చిన బస్తా నుంచి పారిస్‌కు వాటా వెళ్లింది. బడి కట్టాల్సిన డబ్బు, రోడ్డు వేయాల్సిన డబ్బు, ఆసుపత్రి పెట్టాల్సిన డబ్బు అదే. 1880లో హైతీ జాతీయ బ్యాంకు పెట్టారు, దాని యాజమాన్యం కూడా పారిస్‌లోని సీఐసీ బ్యాంకుదే. 2022లో న్యూయార్క్ టైమ్స్ పాత లెక్కలు తవ్వితే, 1911లో కాఫీ పన్నుగా వచ్చిన ప్రతి 3 డాలర్లలో 2.53 డాలర్లు ఫ్రెంచి మదుపరుల అప్పులకే పోయాయని తేలింది. స్వాతంత్ర్యం వచ్చిన వందేళ్ల తర్వాత, సర్!

మీ సంఘం మీద నాకు బెంగ ఎందుకంటే, సంఘం ఇదివరకూ వేశారు. 2003లో హైతీ అధ్యక్షుడు అరిస్తీద్ 2,100 కోట్ల డాలర్లకు పైగా లెక్క కట్టి తిరిగివ్వమంటే, ఫ్రెంచి రచయిత రెజిస్ దెబ్రే నాయకత్వంలో కమిటీ వేసి, ఈ కోరికకు చట్టబద్ధమైన ఆధారం లేదనిపించారు. నివేదిక వచ్చిన కొన్ని వారాలకే, 2004 ఫిబ్రవరిలో, అరిస్తీద్ పదవీ దేశమూ వదిలి వెళ్లాడు. 2015లో అప్పటి ఫ్రాన్స్ అధ్యక్షులు ఒలాంద్ గారు కరీబియన్‌లోని ఫ్రెంచి దీవి గ్వాడెలూప్‌లో అప్పు తీరుస్తామన్నారు. హైతీవాళ్లు పొంగిపోయారు. అది నైతిక రుణం మాత్రమేనని వెంటనే సవరణ వచ్చింది. ఆ తర్వాత మీరు. 2024 నవంబరులో రియోలో హైతీని చంపింది హైతీయులేనన్నట్టు మాట్లాడారు. ఆ మాట విన్నాక ఇంకా మీకే రాస్తున్నానంటే, ఇవ్వగలిగింది మీరే గనుక.

అక్కడ ముఠాల రాజ్యం నడుస్తోంది, డబ్బు ఎవరి చేతికివ్వాలని మీ అధికారులు అడుగుతారని తెలుసు. 2003లో అక్కడ ఎన్నికైన ప్రభుత్వమే ఉంది. అప్పుడు ఇచ్చారా? ఇవాళ పది లక్షలకు పైగా జనం ఇళ్లు వదిలి సొంత దేశంలోనే తలదాచుకుంటున్నారు. వాళ్లకు ఆసుపత్రులు కావాలి, బళ్లు కావాలి. హైతీయుల పెత్తనంలోనే ఒక నిధి పెట్టి ఇవ్వడానికి అడ్డేమిటి? దయచేసి దాన్ని సహాయమని మాత్రం పిలవకండి.

యానాంవాడికి హైతీతో పనేమిటని మా వాళ్లే అడుగుతారు. 1848లో బానిసత్వం రద్దయ్యాక ఫ్రెంచి చెరకు తోటలకు కూలీలు కావలసి వచ్చి పాండిచ్చేరి, కారైకాల్, యానాం రేవుల నుంచే మనుషుల్ని ఓడలెక్కించారు. వాళ్లలో తిరిగిరాని వాళ్లు ఎందరో. ఆ చెరకు ఎవరి ఒళ్లు పిండిందో మాకు కొంత తెలుసు. మీ పాస్‌పోర్టు నా దగ్గరుంది కాబట్టి ఈ బాకీలో నా వాటా కూడా ఉందనే అనుకుంటున్నాను.

సంఘం నివేదికను హైతీ జనం మాట్లాడే క్రియోల్ భాషలో కూడా అచ్చు వేయించండి. ఎంత ఇస్తారో, ఏ ఏడాది నుంచి ఇస్తారో మీరు పదవి దిగేలోగా చెప్పండి. తిరిగి ఇస్తామని ముందు ఒక్క మాట అనండి. ఈ లేఖకైనా జవాబు రాయించండి.

ఇట్లు,
యానాం నుంచి ఒక ఫ్రెంచి పౌరుడు