సినిమా బాగుందంటే సరిపోదు, ఎవరు చూడదగ్గదో కూడా చెప్పాలి

సంపాదకుడు గారికి నమస్కారాలు.

రెండు వారాల కిందట కొత్తగా విడుదలైన ఒక సినిమా చూసి వచ్చాను. మరునాడు పొద్దున కుళాయి దగ్గర పక్కింటావిడ "ఎలా ఉంది టీచరమ్మా?" అని అడిగారు. "బాగుందక్కా, ఎక్కడా విసుగు రాలేదు, చూడొచ్చు" అన్నాను. నా మాట మీద ఆవిడ ఆదివారం మ్యాట్నీకి మూడో తరగతి చదివే కొడుకునీ, అయిదేళ్ల కూతురినీ వెంటబెట్టుకుని వెళ్లారు.

ఆ బాబు మా బడిలోనే చదువుతున్నాడు. సోమవారం మధ్యాహ్న భోజనం గంటలో వరండాలో పిల్లలు గుంపుగా చేరి ఉంటే వెళ్లి చూశాను. వాడు చెక్క స్కేలును తోటి పిల్లవాడి మెడ మీద ఆనించి, ఎడమ నుంచి కుడికి మెల్లగా లాగుతూ "ఇట్లా కోస్తాడు, అప్పుడు రక్తం గోడ మీద పడుతుంది" అని చూపిస్తున్నాడు. చుట్టూ ఉన్న పిల్లలు నవ్వుతున్నారు. వాడి ముఖంలో మాత్రం నవ్వు లేదు. చెల్లెలు రెండు రాత్రులు దీపం ఆర్పనివ్వలేదని వాళ్లమ్మ తరువాత చెప్పారు. ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

ఆ సినిమాకు ఇచ్చిన సర్టిఫికెట్ యు/ఎ 16+, అంటే 16 ఏళ్లలోపు పిల్లలకు చూపించాలా వద్దా అని తల్లిదండ్రులు ఆలోచించుకోవాలి. ఆట మొదట్లో తెర మీద వేసే ఉంటారు. ఫోను వెలుగులో సీటు నంబరు వెతుక్కుంటూ నేను గమనించలేదు.

సినిమాటోగ్రాఫ్ చట్టం 1952లో వచ్చింది. చాలాకాలం అందరూ చూడదగ్గవాటికి యు, పెద్దలకు మాత్రమే అయినవాటికి ఎ అనే రెండు సర్టిఫికెట్లే ఉండేవి. 1983లో యు/ఎ, వైద్యుల వంటి ప్రత్యేక వర్గాలకు మాత్రమే చూపే ఎస్ చేరాయి. 2023లో చట్టాన్ని సవరించి యు/ఎను మూడుగా విడగొట్టారు: 7 ఏళ్లు, 13 ఏళ్లు, 16 ఏళ్లు. 'ఎ' సినిమాను 18 ఏళ్లు నిండనివారికి చూపించడం నేరం, శిక్ష కూడా ఉంది. యు/ఎ అంకెలు అలా కాదు. అవి తల్లిదండ్రులకు చేసే సూచన మాత్రమే. గేటు దగ్గర ఎవరూ ఆపరు, ఆపాలని చట్టం చెప్పదు కూడా. తీసుకువెళ్లాలా వద్దా అన్నది తల్లీ తండ్రీ తేల్చుకోవాలి. వాళ్లకు ఆ అంకె సంగతి ఎవరు చెబుతున్నారు?

ఇక్కడ కడపలో ఏడురోడ్ల కూడలిలో టీ తాగుతూ మాట్లాడుకునేవారైనా, మా ఉపాధ్యాయుల గదిలోనైనా కొత్త సినిమా గురించి చెప్పుకునేది ఒకటే. మొదటి సగం బాగుంది, రెండో సగం సాగింది, పాటలు ఫరవాలేదు, ఫైట్లు అదిరాయి. ఇప్పటిదాకా నేనూ అంతే. సినిమా మీద అభిప్రాయమంటే మనకు నచ్చిందా లేదా అన్నంతవరకే అనుకున్నాను. అడిగేవారు తమ పిల్లల కోసం కూడా అడుగుతున్నారని తట్టలేదు.

ఇంటిల్లిపాదీ కలిసి సినిమాకు వెళ్లడం మనకు తాతల నాటి అలవాటు. ఆ అలవాటు వేసినవారిలో మా సీమవాళ్లూ ఉన్నారు. 1957 నాటి 'మాయాబజార్' నిర్మాతల్లో బి.నాగిరెడ్డి మా కడప జిల్లావారు, దర్శకుడు కె.వి.రెడ్డి తాడిపత్రివారు. ముసలమ్మ నుంచి చంటిపిల్ల దాకా ఒకే వరుసలో కూర్చుని చూశారు ఆ సినిమాను. సినిమాలు మారాయి గానీ మనం ఇప్పటికీ అదే ధైర్యంతో టికెట్లు కొంటున్నాం. అందులోనూ మా ప్రాంతం పేరుతో వచ్చే కథల్లో వేటకొడవళ్లు ఎక్కువ. ఇక్కడి పిల్లలు తెర మీద తెలిసిన ఊరి పేరు వినగానే అదంతా తమ వీధిలోనే జరిగిందనుకుంటారు. మా తరగతిలో ఒక పాప "ఆ ఇల్లు ఎక్కడుంది టీచర్?" అని అడిగింది.

అలాంటి సినిమాలు తీయవద్దని నేను అనడం లేదు. నాకు ఆ సినిమా నిజంగానే నచ్చింది. పెద్దవాళ్లు అడిగితే ఇప్పటికీ చూడమనే చెబుతాను.

మీ పత్రికకు నాదొక విన్నపం. సమీక్షలో దర్శకుడి పేరు, సంగీత దర్శకుడి పేరు, చివర రేటింగు వేస్తున్నారు. సినిమా పేరు కిందనే సర్టిఫికెట్టును కూడా అంతే పెద్ద అక్షరాల్లో వేయండి. ఆ అంకె ఎందుకు ఇచ్చారో, నరుకుళ్లున్నాయా, బూతులున్నాయా, దయ్యం భయమా, సమీక్షకులు ఒక్క వాక్యంలో చెప్పగలరు. జిల్లా పేజీలో థియేటర్ల వారీగా ఆటల వివరాలు వేసే చోట కూడా ఆ అంకె ఉండాలి. అలాగే టికెట్ల కిటికీ పక్కన ఈ సర్టిఫికెట్ల అర్థాన్ని తెలుగులో బోర్డు మీద రాసి పెట్టించాలని థియేటర్లకు లైసెన్సులిచ్చే అధికారులను కోరుతున్నాను. వరుసలో నిలబడిన తల్లికి డబ్బు ఇవ్వకముందే అది కనబడాలి.

మొన్న పక్కింటావిడ మరో సినిమా గురించి అడిగారు. "13 ఏళ్లు దాటినవాళ్లకక్కా. మీరిద్దరూ వెళ్లి రండి, పిల్లలు మా ఇంట్లో ఉంటారు" అన్నాను. అన్నాచెల్లెళ్లిద్దరూ మా ఇంట్లో అన్నం తిని నిద్రపోయారు. మీరు ఈ శుక్రవారం సమీక్షతోనే మొదలుపెడితే సంతోషిస్తాను.

– ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు, కడప